ముప్ఫై ఒక్క ఇళ్ళు, ఒకటే జవాబు

ధర్మవరంలో కుళ్ళాయమ్మ కోసం ఆమె ఇంటికి పోతే దొరకదు. ఏ ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిందో ఆ ఇంట్లో అడగాలి. మగ్గం మీది పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయి కొత్త పడుగు వచ్చిన రోజున నేతగాడికి పని ఉండదు, కుళ్ళాయమ్మకు ఉంటుంది. పాత పోగుల కొసలు మగ్గానికే ఉంటాయి. ఒక్కొక్క పాత పోగుకు ఒక్కొక్క కొత్త పోగును బొటనవేలితో మెలేసి అతకాలి. నాలుగు వేలకు పైగా పోగులు. దీన్నే అచ్చు అతకడం అంటారు. వేళ్ళకు కాస్త బూడిద రాసుకొని పొద్దున కూర్చొంటే దీపాలు పెట్టే వేళకు లేస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె పని ఇదే. ఈ సంగతులు నేను మూడు నాలుగు విడతలుగా విన్నాను. చెప్పిన ప్రతిసారీ ఆమె చేతులు ఆగలేదు.

ఆమె పుట్టింది హిందూపురం దగ్గర. తల్లి పట్టుగూళ్ళ నుంచి దారం తీసేది. పొద్దస్తమానం ఉడుకు నీళ్ళలో చేతులు పెట్టి పెట్టి, ఆ తల్లి వేళ్ళు ఎప్పుడూ నానిన చింతపండులా ఉండేవట. "ఆ చేతులు చూసినాక నేను నీళ్ళ పని చెయ్యనంటే చెయ్యనని మొండికేసినా. అట్లైతే మగ్గాల ఊరికి ఇస్తామని ఈడికి తోసినారు" అని నవ్వుతుంది. భర్త కేశవ ఒకప్పుడు పేరున్న నేతగాడు. మోకాళ్ళు పట్టేసి మగ్గం గుంతలోకి కాళ్ళు దించలేడు. ఇప్పుడు వాకిట్లో కూర్చొని కండెలు చుడుతూ, వీధిలో పోయేవాళ్ళలో ఒక్కరినీ ఊరికే పోనివ్వడు.

కుళ్ళాయమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. దేశాలు ఒకదానితో ఒకటి ఎలా మెలగాలో చెప్పే చదువు ఒకటుందని ఆమెకు తెలిసింది హిందూపురం నుంచి వచ్చే ప్యాసింజరు రైల్లో.

రెండేళ్ళ కిందట తమ్ముడిని చూసి వస్తూ ఉంటే, పెనుకొండ స్టేషన్లో ఒక పొడుగాటి పిల్ల ఎక్కి ఎదురుగా కూర్చొంది. తల నిండా సన్నటి జడలు. పెట్టెలో అందరూ ఆ పిల్లను చూసి చూడనట్టు చూస్తున్నారు. కుళ్ళాయమ్మ మాత్రం ముందుకు వంగి జడల్నే చూసింది. పోగులు చూసే అలవాటు ఉన్న కన్ను.

"ఎవరు అల్లినారు పాపా? ఎన్నుండాయి?"

ఆ పిల్ల తెలుగులోనే చెప్పింది. "నేనే అమ్మా. నూట ఇరవై. ఆరు గంటలు పట్టింది."

"ఆరు గంటలేనా? చెయ్యి వాటమైందే నీది!"

పెట్టె అంతా ఇటు తిరిగింది. ఆ పిల్ల పేరు హిరుత్. ఊరు ఇథియోపియా దేశంలో అర్బామించ్ పక్కన. వాళ్ళ మేనమామ నేతగాడు, తల్లి పత్తి వడుకుతుంది. పెనుకొండలో కొండ కింద కొత్తగా పెట్టిన చిన్న యూనివర్సిటీలో చదువుతోంది. స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టినప్పుడు ఢిల్లీ కావాలని రాసిందట. వచ్చిన కాగితంలో పెనుకొండ అని ఉంది. ఫోనులో మ్యాపు పెద్దది చేసి చేసి వెతికితే కోట గోడ ఒకటీ రైలు పట్టా ఒకటీ కనిపించాయట. హాస్టల్లో వంట చేసే అరుణ దగ్గర తెలుగు నేర్చుకొంది. అందుకే ఆ పిల్ల మాటల్లో ఉప్పూ కారం పేర్లు ఎక్కువ.

"ఏం చదువుతాండావు?"

"ఇంటర్నేషనల్ రిలేషన్స్."

"అంటే?"

"దేశాలు ఎందుకు కొట్లాడతాయి, మళ్ళీ ఎందుకు కలుస్తాయి, ఎవరి దగ్గర ఏం కొంటాయి, అది అమ్మా."

"దానికి ఇంత దూరం రావల్లనా? మా వీధి కొళాయి కాడ నిలబడితే సరిపాయె."

హిరుత్ ఆ మాటకు నవ్వి ఊరుకోలేదు. నిజంగానే వచ్చి నిలబడింది. రెండో సంవత్సరంలో ఆ పిల్ల పరిశోధన చేసి ఒక పెద్ద వ్యాసం రాయాలి. ధర్మవరం మగ్గాల మీదికి కొంత పట్టు, అక్కడి మాటలో రేషం, చైనా నుంచి వస్తుంది. రెండు దేశాలకు సరిపడక పన్ను పెరిగినా, ఓడ ఆగినా, ఈ వీధిలో మగ్గం గుంతలో కూర్చొన్న మనిషి ఏం చేస్తాడు? అదీ విషయం. కనీసం ముప్ఫై ఇళ్ళు అడగాలి.

"మా వీధిలో ముప్ఫై ఒక్క ఇళ్ళల్లో మగ్గాలుండాయి. నేను తీసుకొని పోతా. నువ్వేం దిగులు పడొద్దు" అంది కుళ్ళాయమ్మ.

శని, ఆదివారాల్లో హిరుత్ ధర్మవరం రావడం మొదలైంది. కేశవ ఆ పిల్లకు కండె చుట్టడం నేర్పాడు. ఆ పిల్ల కేశవకు వాళ్ళ దేశపు కాఫీ కాచి ఇచ్చింది. "ఇది కాఫీనా, కషాయమా?" అంటూనే మూడు గ్లాసులు తాగాడు.

ఒకరోజు హిరుత్ ప్రశ్నల కాగితం చదువుతుంటే కుళ్ళాయమ్మ అడిగింది. "మొదటిది ఏమన్నావూ? రేషం ధర పెరిగితే ఏం చేస్తారనా? దానికి జవాబేంది?"

"నాకు తెలీదమ్మా. ధర పెరిగినా బయటి దేశం రేషమే కొంటారని నేను అనుకొంటాండా. అది సన్నగా ఉంటుంది, తెగదు, అందుకని. చూడాలి."

ఆ చివరి మాట కుళ్ళాయమ్మ చెవికి ఎక్కలేదు. మిగతాది ఎక్కింది.

మరుసటి శనివారం లోపల ఆమె అచ్చు అతకడానికి పోయిన ప్రతి ఇంట్లోనూ పాఠం చెప్పింది. పోనవసరం లేని ఇళ్ళకు కూడా పనిగట్టుకొని పోయింది. "పెనుకొండ నుంచి ఒక పాప వస్తాది. అది దాని పరీక్ష. ధర పెరిగితే ఏం చేస్తారంటే, బయటి దేశం రేషమే కొంటామనల్ల. ఎందుకంటే, సన్నగా ఉంటాది, తెగదు. అంతే. ఎక్కువ తక్కువ మాట్లాడొద్దండి."

హనుమంతరాయుడు అనే పెద్ద నేతగాడు తల అడ్డంగా ఊపాడు. "నేను పుట్టినాక బయటి రేషం ముట్టింది లేదు కదక్కా?"

"ముట్టకుంటే ఏమప్పా? నోటితో చెప్పేదానికి ఏం పోయె? ఆ పిల్ల దేశం కాని దేశం వచ్చింది. నీ పాటికి నువ్వు చెప్పి, దానికి తప్పు పోతే ఎవరు దిక్కు?"

ఆ మాటకు హనుమంతరాయుడు కూడా ఒప్పుకొన్నాడు.

నాలుగు వారాల్లో ముప్ఫై ఒక్క ఇళ్ళూ అయిపోయాయి. అందరూ గడగడా చెప్పారు. ఎదురింటి యల్లక్క అయితే రెండో ప్రశ్న అడగకముందే మూడోదానికి జవాబు చెప్పేసి, "ఇంకేమన్నా ఉండాదా పాపా?" అని కొంగు సర్దుకొంది. హిరుత్ నవ్వుకొంది. ఈ వీధి వాళ్ళు తొందర మనుషులు అనుకొంది.

రాసినదంతా తీసుకొని పోయి వేణుమాధవ్ సారుకు ఇచ్చింది. ఆయన ఆమె పరిశోధనకు పెద్ద. మంచివాడే, కాకపోతే అక్షరం అక్షరం చదువుతాడు. రెండు రోజుల తర్వాత పిలిపించాడు.

"ముప్ఫై ఒక్క ఇళ్ళు. అందరూ 'సన్నగా ఉంటాది, తెగదు' అన్నారు. అదే వరసలో, అవే మాటల్లో. నువ్వు ధర్మవరం పోయినావా హిరుత్? హాస్టల్లో కూర్చొని రాసినావా?"

"పోయినా సార్" అంది హిరుత్.

"కమిటీ ముందుకు ఇది పోతే కట్టుకథ అంటారు. నేనూ కాదనలేను" అన్నాడాయన. కాగితాలు ఇవ్వడానికి ఇంకా పదహారు రోజులుంది. జూన్ నెలాఖరుకు ఆమె స్కాలర్‌షిప్పూ అయిపోతుంది, ఈ దేశంలో ఉండే అనుమతీ అయిపోతుంది. ఇంకో సంవత్సరం ఉండి రాసుకొనే వీలు లేదు. వ్యాసం పోతే డిగ్రీ పోయినట్టే. రెండేళ్ళ చదువు ఉత్తదై, చేతిలో కాగితం లేకుండా ఊరికి పోవాలి.

ఆ ఆదివారం ధర్మవరం వచ్చి కేశవ పక్కన కూర్చొని హిరుత్ ఈ సంగతి చెప్పింది. "నేను అబద్ధం రాయలేదు. ఎందుకు అందరూ ఒకటే చెప్పినారో నాకు తెలీడం లేదు" అంది.

కేశవ కండె ఆపి గట్టిగా నవ్వాడు. "ఎందుకు చెప్పరు? ఇంటింటికీ పోయి ఒప్పజెప్పించింది మీ అమ్మ కదా!"

లోపల సంగటి కెలుకుతున్న కుళ్ళాయమ్మ బయటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "అందరూ సరిగ్గానే చెప్పినారా లేదా? ఆ హనుమంతరాయుడు ఒక్కడే నాకు అనుమానం. యాడన్నా తడబడినాడా?"



"తడబడలేదమ్మా" అంది హిరుత్. "ఎవ్వరూ తడబడలేదు."

"మరి ఇంకేంది?"

"వాళ్ళు ఏం చేస్తారో నాకు కావల్ల. నేను అనుకొనేది నాకెందుకు? అది నా దగ్గర ముందే ఉండాది కదా!" గొంతు పెద్దదైంది. యల్లక్క వాకిట్లోకి వచ్చి నిలబడింది. హిరుత్ సంచీ భుజాన వేసుకొని, సంగటి ముద్ద ముట్టకుండా స్టేషనుకు నడిచింది. ఆ ఇంటికి రావడం మొదలైనాక తినకుండా పోవడం అదే మొదటిసారి.

కేశవ ఆ తర్వాత నవ్వలేదు. "నాకేం తెల్సు, ఇంత ఉంటాదని" అన్నాడు.

"నీకు తెలీదు, నాకూ తెలీదు. తెలిసిన దాని కొంప మనం ముంచినాము" అంది కుళ్ళాయమ్మ.

మర్నాడు పొద్దున్నే ఒక ఇంట్లో అచ్చు అతికే పని ఒప్పుకొని ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒప్పుకొన్న పని మానింది రెండుసార్లే, రెండుసార్లూ పురుడే. ఇది మూడోసారి. ఉతికిన చీర కట్టుకొని పెనుకొండ రైలెక్కింది.

యూనివర్సిటీ గేటు దగ్గర కాపలా మనిషి ఏసుదాసు అడ్డం వచ్చాడు. "ఎవరు కావల్లమ్మా?"

"దేశాల పంచాయతీ చెప్పే సారు."

ఏసుదాసు కాసేపు ఆలోచించి సరైన గదికే తీసుకొని పోయాడు.

వేణుమాధవ్ కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. "సార్, తప్పు నాది. ఆ పాప ఇల్లిల్లూ తిరిగింది. మార్కులు రావల్లని నేనే అందరికీ చెప్పిపెట్టినా. దాన్ని ఏమనొద్దు."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "నిన్ను ఆ అమ్మాయి పంపించిందా?"

"పంపించేదా? నాతో మాట్లాడకుండా పాయె సార్! దుడ్లిచ్చి పిలుచుకొని వచ్చింది అనుకొంటాండారేమో. నేను నా టికెట్టు నేనే కొనుక్కొని వచ్చినా."

"అది కాదమ్మా. చెప్పిపెట్టాలని నీకెందుకు అనిపించింది?"

కుళ్ళాయమ్మకు ఈ ప్రశ్నే వింతగా తోచింది. ఇందులో అడగడానికేముంది?

"సార్, మా వీధికి కాగితం పట్టుకొని వచ్చినోళ్ళు ఎంతమందో. మగ్గాలు లెక్కబెట్టేదానికి, కార్డులకు, పింఛన్లకు, ఇండ్లకు. వచ్చినోళ్ళకల్లా సరైన జవాబు ఒకటి ఉంటాది. ఇంట్లో ఇద్దరుండామనల్ల, ముగ్గురని అనకూడదు. టీవీ లేదనల్ల. నెలకు రెండు చీరలే నేస్తామనల్ల. అది ముందే కనుక్కొని చెప్పుకోకుంటే పేరు కొట్టేస్తారు. మా అత్త నిజం చెప్పి మూడేండ్లు పింఛను లేకుండా ఉండింది. అప్పటినుంచి వీధిలో ఎవరు కాగితం తెచ్చినా ముందు నేను కనుక్కొని అందరికీ చెప్తా. ఈ పాప కాగితానికీ అట్లే ఒక జవాబు ఉంటాదనుకొన్నా."

వేణుమాధవ్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకొన్నాడు. తర్వాత ఏసుదాసును పిలిచి టీ తెమ్మన్నాడు. హిరుత్‌ను పిలిపించాడు.

"హిరుత్, ఈ తల్లి ఇప్పుడు చెప్పింది రాసుకో. ఆ ముప్ఫై ఒక్క కాగితాలూ పారేయొద్దు. అవి ఎందుకు ఒకేలా ఉన్నాయో అది కూడా ఒక అధ్యాయమే. కానీ అదొక్కటే చాలదు. నిజం జవాబులు కొన్నయినా తీసుకొని రా. పదమూడు రోజులుంది. ఎనిమిదో తొమ్మిదో చాలు, పైవాళ్ళతో నేను మాట్లాడతా."

బయటికి వచ్చాక హిరుత్ క్యాంటీన్‌లో రెండు పులిహోర పొట్లాలు కొని ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

"నిన్న నీ మీద గట్టిగా అరిచినా."

"అరవల్ల కదా మరి. నన్నైతే కొట్టల్ల" అంది కుళ్ళాయమ్మ.

నిజం తేవడం అబద్ధం తెచ్చినంత సులువు కాలేదు. ఆ సాయంత్రమే ఇద్దరూ హనుమంతరాయుడి ఇంటికి పోయారు. ఆయన నోట్‌బుక్కు వైపు చూసి లేచి నిలబడ్డాడు. "ఒకసారి చెప్పినా కదా! నెలకొక మాట మారిస్తే నన్నేమనుకొంటారు? నేను అట్లాంటోణ్ణి కాదు." యల్లక్క ఇంకా తెలివిగా, "కొత్త జవాబు ఏం చెప్పల్లనో ముందు చెప్పక్కా, పని మీద ఉండా" అంది. మూడు రోజులు తిరిగినా ఒక్కరూ నోరు విప్పలేదు. వీధిలో కాగితానికి మాట మార్చినవాడి పేరు కొట్టేస్తారు. ఆ భయం పుట్టించిందీ పెంచిందీ తానే అని కుళ్ళాయమ్మకు అప్పుడు తెలిసింది.

నాలుగో రోజు పొద్దున ఆమె హిరుత్‌తో అంది. "ఆ పుస్తకం ఇంట్లో పెట్టు. చేతులకు బూడిద రాసుకో. నా ఎంబడి రా."

జయరాముడి ఇంట్లో కొత్త పడుగు వచ్చింది. కుళ్ళాయమ్మ మగ్గం వెనక కూర్చొంది. పక్కన హిరుత్. ఆ పిల్ల పని ఒకటే. పాత పోగు ఒకటీ కొత్త పోగు ఒకటీ విడదీసి అందివ్వాలి. మొదటి గంటలో నలభై పోగులు తెంపింది. "నూట ఇరవై జడలు ఈ చేతులేనా అల్లింది?" అని కుళ్ళాయమ్మ కసిరింది. మధ్యాహ్నానికి చెయ్యి కుదిరింది.

మగ్గం ఆగిన రోజున నేతగాడికి తోచదు. బయటికి పోలేడు, ఏ పోగు ఎలా అతుకుతున్నారో చూసుకోవాలి. చేసేందుకేమీ లేదు. తలుపుకు ఆనుకొని కూర్చొంటాడు, మాట్లాడతాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా కుళ్ళాయమ్మ వింటున్నవి ఈ మాటలే. అవి ఎవరికైనా పనికొస్తాయని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"బయటి రేషం పడుగుకు వేస్తా, మనది పేకకు. చీర కొనేవాళ్ళకు చెప్పను. వాళ్ళూ అడగరు" అన్నాడు జయరాముడు, తనకు తానే చెప్పుకొన్నట్టు. హిరుత్ తల ఎత్తలేదు. పోగు అందించింది. సాయంత్రం లేచే ముందు మాత్రం, "అన్నా, నువ్వు చెప్పింది రాసుకోనా? పేరు మారుస్తా" అని అడిగింది. జయరాముడు కుళ్ళాయమ్మ వైపు చూశాడు.

"నన్ను చూడొద్దప్పా. నీ మాట, నీ ఇష్టం" అందామె.

"రాసుకో పో" అన్నాడు.

తొమ్మిది రోజుల్లో తొమ్మిది మగ్గాలు. ఒకరు ధర పెరిగిన ఏడాది మగ్గం విప్పి అటక మీద పెట్టి ఆటో తోలారు. ఒకరి భార్య హిందూపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోతే, ఆ జీతంతోనే మగ్గం నిలబడింది. యల్లక్క ఇంట్లో చీర అంచు సన్నం చేశారు. హనుమంతరాయుడి మగ్గం ఎనిమిదో రోజున ఆగింది. ఆయన మధ్యాహ్నం దాకా బిగబట్టుకొని, చివరికి "నేనైతే ధర పెరిగిన ఆ ఏడు నెలలూ చీరే నేయలేదు పాపా. పంచెలు నేసినా. ఎవరికీ చెప్పుకోలేదు, సిగ్గు" అన్నాడు. ఒకరి మాటకు మరొకరి మాటకు పోలికే లేదు.

పదో మనిషిని ఇంట్లోనే అడిగింది హిరుత్. "అమ్మా, నువ్వు చెప్పు. ధర పెరిగితే నువ్వేం చేస్తావు?"

కుళ్ళాయమ్మ గబుక్కున నోరు తెరిచి, మూసుకొంది. ముప్ఫై ఒక్క ఇళ్ళకు జవాబు చెప్పినామె దగ్గర తన జవాబు లేదు.

"నేనేం చేస్తా? మగ్గాలు తగ్గితే నాకు అచ్చులు తగ్గుతాయి. ఇంట్లో కూర్చొంటా" అంది. మళ్ళీ, "ఒకటి మాత్రం తెలుసు. బయటి రేషం బొటనవేలి కింద జారతాది. బూడిద ఎక్కువ పెట్టల్ల. ఏ ఇంట్లో ఏది వేసినారో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు, వేలే చెప్తాది. పన్ను పెరిగిన సంవత్సరం నా ఇంట్లో బూడిద మిగిలిపాయె. పేపర్లో వచ్చేదానికి ముందే నాకు తెలిసిపాయె" అంది.

హిరుత్ కలం ఆపి, ఆ బొటనవేలిని పట్టుకొని చూసింది. నున్నగా అరిగి, గీతలే లేకుండా ఉంది.

"ఆధార్ మిషను కూడా దీన్ని గుర్తు పట్టదు" అని కేశవ వాకిట్లోంచి అన్నాడు.

గడువుకు ఒకరోజు ముందు కాగితాలు పోయాయి. జూన్ రెండో వారంలో నోటి పరీక్ష పెట్టారు. వేరే ఊరి నుంచి ఒక పెద్దమనిషి వచ్చి అడుగుతాడట. ఆరోజు కుళ్ళాయమ్మ యల్లక్క ఇంట్లో పడుగు ముందు కూర్చొని ఉంది.  మూడు గంటలకు ఫోను మోగింది. చేతుల్లో పోగులున్నాయి, వదిలితే జారిపోతాయి. యల్లక్క ఫోను తీసి ఆమె చెవి దగ్గర పెట్టి, తనూ చెవి ఆనించింది.

"అమ్మా, పాసైనా!"

కుళ్ళాయమ్మ కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. "ఎన్ని అడిగినారు?"

"ఆరు అడిగినారు. నాలుగు చెప్పినా. రెండిటికి తెలీదని చెప్పినా."

"తెలీదని చెప్పినావా? వాళ్ళ ముందరేనా?"

"అవునమ్మా. ఎట్ల తెలుసుకోవల్లనో మాత్రం చెప్పినా. ఆ పెద్దాయన తల ఊపినాడు. మీ వీధి గురించే గంట సేపు అడిగినాడు."

హిరుత్ ఇంకా ఏమేమో చెప్పింది. జూన్ ఇరవై ఆరుకు ప్రయాణమనీ, అంతకుముందు నాలుగు రోజులు ధర్మవరంలోనే ఉంటాననీ, వాళ్ళ ఊర్లో నేతగాళ్ళ సంఘం వాళ్ళు పత్తి దారం గురించి ఇదే పని చేసిపెట్టమని అడిగారనీ. కుళ్ళాయమ్మ ఊఁ కొడుతూ ఉంది. వేళ్ళు పోగు మీద పోగు మెలేస్తూనే ఉన్నాయి. ఫోను పెట్టేశాక తల తిప్పి చెప్పింది.

"తెలీదన్నా పాస్ చేసినారంటనే యల్లా!"

యల్లక్క ఫోను కొంగుతో తుడుస్తూ ఆలోచించింది.

"అట్లైతే మన వీధిలో ఫెయిలయ్యేవాళ్ళు ఎవరుండారక్కా?" అంది.